చరిత్ర బోధనలో సహానుభూతి: పరిశోధన ఎటు నడుస్తోంది, తరగతిలో ఏది నిలుస్తోంది?

తాళపత్రం:
చరిత్ర బోధనలో సహానుభూతి మీద వస్తున్న పరిశోధన ప్రతిపాదనల్లో ఒక లోపం మళ్లీ మళ్లీ కనబడుతోంది. "చరిత్ర పాఠాలతో విద్యార్థుల్లో సహానుభూతి పెరుగుతుందా?" అని ప్రశ్న పెట్టుకుంటారు. ఏ సహానుభూతి అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. గతంలోని మనిషి ఎందుకలా చేశాడో అర్థం చేసుకోవడమా? అతని కష్టానికి కదిలిపోవడమా? లేక ఇవాళ్టి తోటివాళ్ల పట్ల దయగా ఉండడమా? మూడూ వేరు. కొలవడానికేమో మనస్తత్వవేత్త మార్క్ డేవిస్ తయారుచేసిన 28 అంశాల ఐఆర్ఐ స్కేలు తెచ్చి పెడతారు. అది ఎదుటి మనుషుల పట్ల మన సాధారణ స్వభావాన్ని చూసే సాధనం. అందులో గతం లేదు, ఆధారాలు లేవు, కాలాల మధ్య తేడా లేదు. నాలుగు వారాల పాఠాల తర్వాత ఆ స్కోరు కదలకపోతే పాఠం పనిచేయలేదని రాసేస్తారు.

ఈ రంగం ఎక్కడ మొదలై ఎటు మళ్లింది, ఇప్పుడు దేన్ని కొలుస్తున్నారు, తరగతిలో ఏది నిలుస్తోంది అన్నది తెలిసినవాళ్లు వివరంగా రాయండి. పేర్లు వరసగా పేర్చడం కాదు, ఎవరు ఏం అడిగారు, ఏం తేలింది అన్నది కావాలి.

సందర్భసూచి:
వేళ్లు బ్రిటిష్ తత్వవేత్త, చరిత్రకారుడు కాలింగ్‌వుడ్ దగ్గరున్నాయి. ఆయన చనిపోయాక 1946లో వచ్చిన 'ది ఐడియా ఆఫ్ హిస్టరీ'లో, చరిత్రకారుడు గతంలోని మనిషి ఆలోచనను తన బుద్ధిలో మళ్లీ నడిపించి చూడాలంటాడు. ఆయన చెప్పింది ఆలోచన గురించి, ఉద్వేగం గురించి కాదు. తర్వాత వచ్చిన తగవులన్నిటికీ బీజం ఇక్కడే ఉంది.

బడిలోకి ఇది గట్టిగా వచ్చింది బ్రిటన్‌లో, 1972లో మొదలైన స్కూల్స్ కౌన్సిల్ 'హిస్టరీ 13–16' ప్రాజెక్టుతో. 1986లో జీసీఎస్ఈ (పదహారేళ్ల వయసులో రాసే బడి పరీక్ష) కోర్సులు మొదలయ్యేసరికి గతంలోని మనుషుల దృక్కోణం నుంచి చూడగలగడం పరీక్ష లక్ష్యాల్లో ఒకటైంది. దెబ్బ తగిలింది కూడా అక్కడే. "నువ్వు ఫలానా సైనికుడివి అనుకో, ఇంటికి ఉత్తరం రాయి" అన్న ప్రశ్నకు మార్కులు వేయాలంటే ఏం చూడాలి? భాష బాగున్నవాడికి మార్కులు పడ్డాయి. వాడు రాసినదానికి ఆధారం ఉందా అన్నది వెనక్కి పోయింది. ఇది చరిత్ర కాదు, కథలు అల్లడం అని విమర్శకులు విరుచుకుపడ్డారు. 1991 నాటి నేషనల్ కరిక్యులంలో ఆ పేరే లేకుండా పోయింది.

పరిశోధన మాత్రం ఆగలేదు. రోజలిన్ ఆష్బీ, పీటర్ లీ పిల్లల్ని చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, టీచర్ జోక్యం లేకుండా మాట్లాడుకోనిచ్చి, వీడియో తీసి విశ్లేషించారు. 1987లో వాళ్లు ప్రచురించిన అయిదు మెట్లు ఇప్పటికీ పనికొస్తాయి. వాళ్లు వాడిన విషయాల్లో ఒకటైన ఆంగ్లో-సాక్సన్ (పాతకాలపు ఇంగ్లండ్) దివ్యపరీక్షతోనే చూద్దాం. నిందితుడు కాలిన ఇనుప ముద్దను చేత్తో పట్టుకుని తొమ్మిది అడుగులు నడవాలి. చేతికి కట్టు కట్టి, మూడు రోజుల తర్వాత విప్పుతారు. పుండు శుభ్రంగా మానుతుంటే నిర్దోషి, కుళ్లితే దోషి.

మొదటి మెట్టు మీదున్న పిల్లవాడు "వాళ్లకు బుర్ర లేదు" అంటాడు. రెండో మెట్టులో "వాళ్లు మతపిచ్చి వాళ్లు, అంతే" అని ఒక ముద్ర వేస్తాడు. మూడోది రోజువారీ సహానుభూతి: "నేనైతే భయంతో ముందే నిజం ఒప్పుకునేవాణ్ణి, అందుకే పెట్టారు." తెలివైన మాటే, కానీ అందులో ఉన్నది ఇవాళ్టి మనసు. నాలుగోది పరిమితమైన చారిత్రక సహానుభూతి: దేవుడు నిర్దోషిని కాపాడతాడని వాళ్లు నమ్మారు కాబట్టి ఆ పద్ధతి వాళ్లకు సబబుగా తోచింది. అయిదో మెట్టులో ఆ నమ్మకాన్ని విశాలమైన నేపథ్యంలో పెడతాడు: సాక్షులు దొరకని నేరం, ప్రమాణానికి ఉన్న విలువ, తీర్పు కార్యక్రమంలో పూజారి పాత్ర. 1215లో నాలుగో లాటరన్ మండలి (క్యాథలిక్ చర్చి పెద్దల సభ) పూజారులు ఇందులో పాల్గొనకూడదని నిషేధించాక ఈ పద్ధతి ఎందుకు కూలిపోయిందో కూడా అతనికి అందుతుంది.

ఒక జాగ్రత్త. ఈ మెట్లు విషయాన్ని బట్టి మారతాయి. ఒకే పిల్లవాడు రోమన్ల దగ్గర నాలుగో మెట్టులో, దివ్యపరీక్ష దగ్గర రెండో మెట్టులో ఉండొచ్చు. పిల్లల నుదుటి మీద అంటించడానికి తయారుచేసినవి కావివి.

కొలమానం:
ఆష్బీ, లీ మెట్లకు బ్రిటన్‌లోని చాటా ప్రాజెక్టు (చరిత్ర మీద పిల్లల భావనల్నీ, బోధన పద్ధతుల్నీ పరిశీలించిన పరిశోధన) కూడా కలపాలి. 1991లో మొదలై 7 నుంచి 14 ఏళ్ల పిల్లలు 320 మందిని చూసింది. చక్రవర్తి క్లాడియస్ క్రీ.శ. 43లో బ్రిటన్ మీదికి సైన్యాన్ని ఎందుకు పంపాడన్నది అందులోని పనుల్లో ఒకటి. చేసిన పనికీ, చేసినవాడి పరిస్థితికీ పొసగనట్టు కనబడే ప్రశ్నను పిల్లల ముందు పెట్టడం అందులోని పద్ధతి. వయసుతో పాటు ఆలోచన మెరుగైన మాట నిజమే. కానీ కొందరు చిన్న పిల్లల ఆలోచన కొందరు పద్నాలుగేళ్లవాళ్ల కన్నా ముందుంది. అంటే వయసు వచ్చాక దానంతటదే వస్తుందని ఊరుకోవడానికి లేదు.

కొలతల విషయానికొస్తే, ఉల్‌రికె హార్ట్‌మన్, మార్కస్ హాసెల్‌హార్న్ 2008లో ఇచ్చిన సాధనం ఒక మలుపు. వైమర్ జర్మనీ (హిట్లర్ అధికారంలోకి రాకముందున్న గణతంత్రం) చివరి రోజుల్లో హానెస్ అనే యువకుడి పరిస్థితి చెబుతారు: ఆర్థిక సంక్షోభం, రాజకీయ అస్థిరత, ఎదురుగా ఎన్నికలు. అతను నాజీ పార్టీ వైపు మొగ్గే అవకాశం ఎంత? కొన్ని వాక్యాలిచ్చి ఒక్కోటీ అతని పరిస్థితికి ఎంతవరకు పొసగుతుందో నాలుగు స్థాయుల్లో గుర్తుపెట్టమంటారు. ఆ వాక్యాలు మూడు రకాలు: ఇవాళ్టి దృష్టితో చూసేవి, ఆ వ్యక్తి సొంత పరిస్థితిని బట్టి చూసేవి, ఆ కాలపు నేపథ్యంలో పెట్టేవి. మొదటి రకాన్ని కాదని, మిగతా రెంటినీ ఒప్పుకున్న విద్యార్థికి ఎక్కువ స్కోరు. తర్వాత నెదర్లాండ్స్‌లో టిమ్ హౌఖెన్ బృందం దీన్ని 10 నుంచి 17 ఏళ్ల విద్యార్థులు వెయ్యిమందికి పైగా ఉన్న నమూనాతో పరీక్షించింది.

దీన్ని అనువదించి వాడేవాళ్లు తప్పటడుగు వేసే చోట్లు చెబుతాను.

నాజీలంటే ఏమిటో ముందే తెలిసిన విద్యార్థి "హానెస్ వాళ్లకు ఓటు వేయడు" అంటే, అది వర్తమాన దృష్టా, నైతికంగా వెనక్కి తగ్గడమా? స్కోరు ఆ తేడా చెప్పదు. అందుకే పరీక్ష రాసిన వాళ్లలో కనీసం పది పన్నెండు మందిని విడిగా కూర్చోబెట్టి, ఆలోచనను బయటికి చెబుతూ జవాబివ్వమనాలి. గుర్తు ఒకటే అయినా కారణాలు వేరని అక్కడే తెలుస్తుంది.

ముందస్తు పరిజ్ఞానాన్ని వేరే చిన్న పరీక్షతో కొలవాలి. లేకపోతే సహానుభూతి పేరుతో పాఠం గుర్తుందా లేదా అన్నదే కొలిచినట్టవుతుంది. పాఠానికి ముందూ తర్వాతా ఒకే కథ ఇస్తే రెండోసారి పెరిగిన స్కోరులో కథ అలవాటు వాటా ఎంతో తేలదు. సమానమైన రెండు కథలు తయారుచేసి, సగం మందికి ఒక వరసలో, మిగతా సగానికి తిరగేసి ఇవ్వాలి. ఒక్కో రకానికి మూడు నాలుగు వాక్యాలే ఉంటే విశ్వసనీయత గుణకం (వాక్యాలన్నీ ఒకే దాన్ని నిలకడగా కొలుస్తున్నాయా అని చెప్పే సంఖ్య) తక్కువ రావడం మామూలే. సంఖ్య బాగా రావాలని ఒకే మాటను నాలుగు రకాలుగా రాసి పెడితే గుణకం పెరుగుతుంది, కొలత పలచబడుతుంది.

మూడోబెంచీ:
ఇంతవరకు రాసినవన్నీ బుద్ధి వైపే మొగ్గాయి. గత ఇరవై ఏళ్ల పరిశోధనలో పెద్ద మార్పు ఉద్వేగం తిరిగి లోపలికి రావడం. 2001లో ఓ.ఎల్. డేవిస్ (ఐఆర్ఐ డేవిస్ కాదు), యేగర్, ఫాస్టర్ తెచ్చిన సంపుటి చారిత్రక సహానుభూతిని దాదాపు ఆధారాల పనిగానే చూసింది. 2004లో కీత్ బార్టన్, లిండా లెవ్‌స్టిక్ దాన్ని రెండుగా చూపించారు: ఒకటి దృక్కోణాన్ని గుర్తించడం, రెండోది పట్టించుకోవడం. ఆ పట్టించుకోవడంలోనూ నాలుగు పొరలున్నాయి. విషయం మీద ఆసక్తి పుట్టడం, అలా జరిగినందుకు మనసు స్పందించడం, ఆ మనుషులకు ఏదైనా చేయాలనిపించడం, నేర్చుకున్నదాన్ని బట్టి ఇవాళ ఏదైనా చేయడానికి సిద్ధపడడం. విద్యార్థికి పట్టనప్పుడు పది పత్రాలిచ్చినా చదవడు. ఇంధనం లేని బండిని తోయమన్నట్టే.

2013లో జేసన్ ఎండకాట్, సారా బ్రూక్స్ ఇచ్చిన నమూనా ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉంది. అందులో మూడు పాయలు: కాలసందర్భంలో పెట్టడం, దృక్కోణం గ్రహించడం, ఉద్వేగపరమైన అనుబంధం. మూడూ కలిస్తేనే చారిత్రక సహానుభూతి. మూడో పాయను కూడా వాళ్లు గాలికి వదలలేదు. గతంలోని మనిషి అనుభవించినదానికీ తన అనుభవానికీ ఉన్న పోలికను, తేడాను విద్యార్థి తూచాలి.

సందర్భసూచి:
మూడోబెంచీ గారూ, పట్టించుకోవడం లేకుండా పని మొదలుకాదన్నది ఒప్పుకుంటాను. కానీ దాన్ని లక్ష్యంగా పెట్టి మార్కులు వేయడం మొదలెడితే 1980ల గొయ్యిలోనే మళ్లీ పడతాం. విద్యార్థి కదిలిపోయాడని ఎలా తెలుస్తుంది? కదిలినట్టు రాశాడని మాత్రమే తెలుస్తుంది.

ఇంకో చిక్కు: ఎవరి పట్ల? బాధితుల పట్ల అనుబంధం అడగడం తేలిక. హింసకు పాల్పడినవాళ్ల దృక్కోణం అర్థం చేసుకోవడం చరిత్రకు తప్పనిసరి, కానీ అక్కడ అనుబంధం అడగలేం. హానెస్ కథ సరిగ్గా అలాంటిదే. మూడు పాయలూ ప్రతి పాఠంలో సమానంగా ఉండాలన్న పట్టింపు అక్కడ తెగిపోతుంది.

మూడోబెంచీ:
అవును, అందుకే ఉద్వేగానికి మార్కులు వేయకూడదు. దాన్ని రాయించాలి, చర్చకు పెట్టాలి, స్కోరులో కలపకూడదు. కానీ పరిశోధనలో దాన్ని వదిలేస్తే సగం బొమ్మే దొరుకుతుంది. పాఠం మధ్యలో ఒక్కో పత్రం తర్వాత "ఇది చదివాక నీకేమనిపించింది? ఆ అనిపించడం వల్ల నువ్వు ఏ వివరాన్ని ఎక్కువ నమ్ముతున్నావు?" అని రెండు వాక్యాలు రాయిస్తే చాలు. రెండో ప్రశ్నే అసలుది. తన ఉద్వేగం తన తీర్పును ఎటు లాగుతోందో విద్యార్థి గమనిస్తాడు. హింసకు పాల్పడినవాళ్ల విషయంలోనూ ఇదే ప్రశ్న పనిచేస్తుంది. అక్కడ వచ్చేది అసహ్యం కావచ్చు, అదీ లెక్కలోకి రావలసిందే.

పలకబలపం:
తరగతిలో ఎలా నడపాలో రాస్తాను. ఎండకాట్, బ్రూక్స్ చెప్పిన నాలుగు దశలు (పరిచయం, పరిశోధన, ప్రదర్శన, పునరాలోచన) 45 నిమిషాల పీరియడ్లు అయిదింటిలో పడతాయి. పరిచయానికి ఒకటి, పత్రాలకు రెండు, రాతకు ఒకటి, పునరాలోచనకు ఒకటి. పునరాలోచన పీరియడ్‌ను సిలబస్ ఒత్తిడితో ఎగ్గొట్టడం అన్నిటికన్నా సాధారణంగా జరిగే పొరపాటు. వర్తమాన దృష్టి బయటపడేది అక్కడే కాబట్టి, నష్టం కూడా అక్కడే ఎక్కువ.

ఉదాహరణకు 1945లో అణుబాంబు వాడాలన్న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ నిర్ణయం. ఫాస్టర్, యేగర్ బృందం కూడా ఈ విషయాన్నే తమ అధ్యయనాల్లో వాడింది. పత్రాలు అయిదు మించవద్దు, ఒక్కోటి 150 నుంచి 250 పదాలకు కుదించాలి. బాంబు వాడకం మీద సలహా ఇచ్చిన ఇంటరిమ్ కమిటీ మే 31 నాటి సమావేశపు నోట్స్, హెచ్చరిక లేకుండా జపాన్ మీద వాడొద్దని శాస్త్రవేత్తలు రాసిన జూన్ 11 నాటి ఫ్రాంక్ నివేదిక, జులై 25 నాటి ట్రూమన్ డైరీ పేజీ, జపాన్‌ను లొంగిపొమ్మన్న జులై 26 నాటి పాట్స్‌డామ్ ప్రకటన, 1947లో మాజీ యుద్ధమంత్రి స్టిమ్సన్ రాసిన వ్యాసం.

ఈ చివరిదాన్ని కావాలనే పెడతాం. మిగతా నాలుగూ బాంబు పడకముందువి, ఇది తర్వాత ఇచ్చుకున్న సంజాయిషీ. విద్యార్థులు తేదీ చూడకుండా దీన్నే బలమైన ఆధారంగా పట్టుకుంటారు, ఎందుకంటే చక్కగా, వరసగా, అన్ని కారణాలూ చెబుతుంది. ప్రతి పత్రం మీద తేదీ, రాసినవాడి హోదా, ఎవరికోసం రాశాడు అన్న మూడు గళ్లు పెట్టి వాళ్లతోనే నింపించాలి. డైరీ పేజీ దగ్గర ఇంకో మలుపుంది. సైనిక లక్ష్యాల మీదే వాడాలనీ, స్త్రీలూ పిల్లలూ లక్ష్యం కాకూడదనీ చెప్పానని అందులో రాసుకున్నాడు. పన్నెండు రోజుల తర్వాత బాంబు పడింది నగరం మీద. "అబద్ధం రాశాడు" అని విద్యార్థి వెంటనే తీర్పు చెబుతాడు. అక్కడ ఆపి అడగాలి: ఆ రోజు అతనికి ఏం తెలుసు, ఎవరి ద్వారా తెలుసు, ఏది నమ్మడం అతనికి అవసరం? జవాబు ఒకటే రాదు, రానక్కరలేదు.

రాత ప్రశ్న వాక్యం మీదే సగం ఫలితం ఆధారపడుతుంది. "నువ్వు ట్రూమన్ అయితే ఏం చేసేవాడివి?" అని అడగొద్దు. ఆష్బీ, లీ చెప్పిన మూడో మెట్టుకు ఇది నేరుగా దారి తీస్తుంది. విద్యార్థి తన మనసును 1945లోకి మోసుకుపోతాడు. ఇలా అడగండి: "జులై చివరి వారంలో ట్రూమన్ ముందున్న దారులు ఏవి? వాటిలో అతను ఎంచుకున్నది అతనికి సబబుగా ఎందుకు తోచింది? కనీసం మూడు పత్రాల నుంచి చూపించు. నీ జవాబుకు ఎదురు నిలిచే ఒక పత్రం కూడా చెప్పు." ఉత్తమ పురుషలో ఉత్తరమో డైరీయో రాయించాలంటే రాయించండి, పిల్లలకు హుషారు వస్తుంది. కానీ పక్కన వెడల్పు మార్జిన్ వదిలి, ఊహించిన ప్రతి వాక్యం ఎదురుగా ఏ పత్రం అన్నది రాయించండి. మార్జిన్ ఖాళీగా ఉన్న చోటు కల్పన అని వాళ్లకే తెలుస్తుంది.

ఈ పత్రాల కట్టలో ఉన్న పెద్ద లోటు కూడా పిల్లలతోనే చెప్పించాలి. అయిదూ నిర్ణయం తీసుకున్నవాళ్ల వైపు కాగితాలే. హిరోషిమా, నాగసాకి మనుషులు ఎక్కడ? వాళ్ల వాంగ్మూలాలు తర్వాతివి. అందుకే నిర్ణయానికి ఆధారం కావు, దాని ఫలితానికి ఆధారం. వాటిని పునరాలోచన పీరియడ్‌లో ఇవ్వాలి. మొదటి రోజే ఇస్తే ఆ దుఃఖం ముందు మిగతా పత్రాలు ఎవరూ చదవరు. అసలు ఇవ్వకపోతే, అధికారంలో ఉన్నవాడి దృక్కోణాన్ని అర్థం చేసుకోవడమే సహానుభూతి అని నేర్పినట్టవుతుంది. నా దృష్టిలో రెండోదే ఎక్కువ హాని.

తాళపత్రం:
పలకబలపం గారూ, ఆ మార్జిన్ పద్ధతిని సమాచార సేకరణకు కూడా వాడొచ్చు. మరి నాటకీకరణ, వీఆర్, చారిత్రక వ్యక్తిలా మాట్లాడే ఏఐ బొమ్మల సంగతేమిటి? కొత్త ప్రతిపాదనలు చాలా వరకు అటే పోతున్నాయి.

సందర్భసూచి:
నాటకీకరణలో ఒక గీత స్పష్టంగా ఉంది. సభలో వాదనలు, సంధి చర్చలు, విచారణలు నడపొచ్చు, పాత్రధారి చేతిలో పత్రం ఉంటే. మారణహోమాలు, బానిసత్వం లాంటి వాటిలో బాధితుడి పాత్ర వేయించకూడదు. అమెరికాలోని హోలోకాస్ట్ స్మారక మ్యూజియం టీచర్లకిచ్చిన మార్గదర్శకాలు ఇలాంటి అనుకరణ ఆటలు వద్దంటాయి. అరగంట ఆట తర్వాత "నాకిప్పుడు తెలుసు వాళ్లకెలా ఉండేదో" అని పిల్లవాడు నమ్ముతాడు. ఆ నమ్మకం తప్పు. ఇక నిజంగా గాయపడే పిల్లలు కూడా ఉంటారు.

పలకబలపం:
వీఆర్ చోటును బాగా చూపిస్తుంది: ఇరుకు, చీకటి, దూరం. ఆ మనిషి నమ్మకాల్ని చూపించలేదు. కాబట్టి పరిచయ దశలో 8–10 నిమిషాలు చాలు. తర్వాత "ఇందులో ఏ వివరానికి ఆధారం ఉంటుంది, ఏది డిజైనర్ ఊహ?" అని రెండు నిలువు గళ్లలో రాయించాలి. సినిమా ముక్కకూ ఇదే.

ఏఐ బొమ్మతో చిక్కు వేరు. అది ఏ ప్రశ్నకైనా తడుముకోకుండా జవాబిస్తుంది. చరిత్రలో మౌనం ఉన్న చోట కూడా మాట్లాడుతుంది. పైగా ఇవాళ్టి మర్యాదలో మాట్లాడుతుంది కాబట్టి గతానికీ మనకూ ఉన్న దూరం చెరిగిపోతుంది. సహానుభూతికి ఆ దూరమే ముడిసరుకు. వాడాలంటే తిరగేసి వాడండి: బొమ్మ ఇచ్చిన జవాబును అచ్చు తీసి ఇచ్చి, పత్రాలు దగ్గర పెట్టుకుని అందులోని కాలవిరుద్ధమైన మాటల్ని పట్టుకోమనండి.

కొలమానం:
రాతల్ని అంచనా వేయడానికి నాలుగు అంశాలు, ఒక్కోటి 0 నుంచి 3. కాలసందర్భం, దృక్కోణం, ఆధార వినియోగం, అనంతర జ్ఞానాన్ని అదుపులో పెట్టడం. నాలుగోది చాలా రూబ్రిక్కుల్లో (మార్కుల కొలబద్దల్లో) ఉండదు. "యుద్ధం ఆగస్టులో ముగుస్తుందని తెలిసి కూడా" లాంటి వాక్యం రాసినవాడికి అక్కడ సున్నా పడాలి, మిగతా మూడింటిలో ఎంత వచ్చినా సరే. నాలుగూ కూడి ఒకే మొత్తం చెప్పొద్దు, విడివిడిగా నివేదించండి. ఆధారాల్లో 3, దృక్కోణంలో 0 వచ్చిన రాతకూ, దానికి తలకిందులుగా ఉన్న రాతకూ మొత్తం ఒకటే అవుతుంది. ఆ ఇద్దరికీ కావలసిన పాఠం మాత్రం ఒకటి కాదు.

ఇద్దరు మదింపు చేయాలి. మొదట 10 రాతలు కలిసి చదివి వాదించుకోవాలి, తర్వాత మొత్తంలో 20–25 శాతం విడివిడిగా చదివి కప్పా (ఇద్దరి మార్కులు ఎంతవరకు ఏకీభవించాయో చెప్పే సంఖ్య) లెక్కించాలి. దృక్కోణం అంశంలోనే ఏకీభావం తక్కువ వస్తుంది. అప్పుడు సంఖ్యను సర్దకండి, 1కీ 2కీ మధ్య గీత ఎక్కడో రూబ్రిక్‌లో నమూనా వాక్యంతో రాసి మళ్లీ చదవండి.

నమూనా గురించి కూడా ఒక మాట. ఒక సెక్షన్‌కు కొత్త పద్ధతి, ఇంకో సెక్షన్‌కు పాత పద్ధతి అంటే నిజానికి మీరు పోలుస్తున్నది రెండు సెక్షన్లను, బహుశా ఇద్దరు టీచర్లను. ఒక్కో సెక్షన్‌లో 40 మంది ఉన్నా స్వతంత్రమైన యూనిట్లు రెండే. సెక్షన్లు పెంచలేకపోతే గణాంక పరీక్షల జోలికి పోకుండా 15–20 మంది రాతల్ని నాలుగు దశల్లోనూ లోతుగా వెంబడించండి, ప్రశ్నకు అది ఎక్కువ న్యాయం చేస్తుంది. పాఠం అయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు, వేరే కాలానికి చెందిన కొత్త కథతో ఇంకో రాత తీసుకోండి. ట్రూమన్ దగ్గర నేర్చుకున్నది దివ్యపరీక్ష దగ్గర పనికొచ్చిందా అన్నది దాన్లో బయటపడుతుంది.

తాళపత్రం:
అయితే ప్రతిపాదనలోని ప్రశ్న ఇలా మారాలి: "ఎదురు నిలిచే పత్రాన్ని కూడా చూపమని అడిగినప్పుడు, గతంలోని వ్యక్తి నిర్ణయాన్ని విద్యార్థులు వివరించే తీరులో ఏం మారుతుంది?" ఐఆర్ఐ తీసేసి, రెండు సమాన కథలు, మార్జిన్ రాతలు, ఎనిమిదో వారంలో ఇంకో రాత. ఉద్వేగం గురించిన రెండు వాక్యాలు స్కోరు లేకుండా విడి ఫైలులో.

కొలమానం:
బాగుంది. ఎదురు పత్రం అడగని గుంపుకు కూడా అవే అయిదు పత్రాలు, అవే అయిదు పీరియడ్లు ఇవ్వండి. ప్రశ్నలోని ఆ ఒక్క వాక్యమే తేడాగా ఉండాలి. వీలుంటే ఒకే సెక్షన్‌లో రెండు రకాల ప్రశ్నపత్రాలు కలిపి పంచండి, టీచర్ ప్రభావం గొడవ ఉండదు.